బండి వింటుంది

కొండ దారిలో ముప్ఫై ఏళ్ళు వ్యాను నడిపిన మామగారికి కళ్ళ డాక్టరు అరగంటలో సెలవిచ్చేశాడు. ఎదురుగా ఉన్న అక్షరాలన్నీ ఆయన గడగడా చదివేశారు, చీమలంత ఉన్న చివరి వరస కూడా. ఎడమ పక్కన డాక్టరు వేలు ఊపినప్పుడు మాత్రం "ఏదీ, ఊపండి చూద్దాం" అన్నారట. డాక్టరు అప్పటికే అర నిమిషం నుంచి ఊపుతున్నాడు. ఎడమ కంటికి పక్క చూపు పోయిందనీ, లైసెన్సు మళ్ళీ ఇవ్వడం కుదరదనీ తేల్చారు. ఆయన ఇంటికొచ్చి, తాళంచెవి మేకుకి తగిలించి, కుర్చీలో కూర్చుని రెండు రోజులు గోడకేసి చూశారు.

వాళ్ళ ఇల్లు సముద్రం ఒడ్డున ఉన్న లాడ్జి వెనకాలే. సెలవులకి వచ్చేవాళ్ళు మొదటి రోజంతా ఇసకలో పొర్లుతారు. రెండో రోజు వీపు కాలి గదిలో బోర్లా పడుకుంటారు. మూడో రోజు "ఇక్కడ ఇంకేం చూడొచ్చండీ" అంటూ కౌంటరు దగ్గరికి వస్తారు. ఆ మూడో రోజు జనమే మామగారి బతుకుదెరువు. పొద్దున తొమ్మిదికి లాడ్జి ముందు ఎక్కించుకుని, ఒడ్డు వెంట ఆరు మైళ్ళు పోయి, అక్కణ్ణుంచి పద్నాలుగు మలుపులు తిరుగుతూ కొండెక్కి, పైన దింపుతారు. కాలిబాట పట్టి అరగంట నడిస్తే కొండకొమ్ము. అక్కడ నిలబడితే మూడు వైపులా నీళ్ళే. పైకి వెళ్ళేలోగా ఐదు చోట్ల ఆపి చూపిస్తారు. తిరిగి లాడ్జికి వచ్చేసరికి భోజనాల వేళ.

వారసుడు లేడా అంటే నిక్షేపంలా ఉన్నాడు. లాడ్జి వంటింట్లో వంటవాడు. చెయ్యి బంగారం, కడుపు మాత్రం కాగితం. బండెక్కి మూడో మలుపు దాటితే చాలు, ముఖం పాలిపోయి కిటికీ వెతుక్కుంటాడు. డ్రైవరు కొడుకుకి బండి పడకపోవడమేమిటని ఊరంతా నవ్వుకుంటూనే ఉంది, అతనికి పదేళ్ళు వచ్చినప్పటి నుంచి.

మామగారు గోడకేసి కూర్చున్న మూడో రోజు పొద్దున కోడలు టీ కప్పు తెచ్చి ఆయన చేతికిచ్చి, "నేను నడుపుతాను మామయ్యా" అంది.

ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పారు. "నువ్వా? అది దుప్పట్లు మడత పెట్టడం కాదమ్మాయ్."

కోడలు లాడ్జి బట్టల గదిలో ఆరేళ్ళుగా దుప్పట్లు మడత పెడుతోంది. ఆ గదికి తువ్వాలంత కిటికీ ఒకటి. అందులోంచి తువ్వాలంత సముద్రం కనిపిస్తుంది. రోజూ తొమ్మిదింటికి వ్యాను గేటు దాటుతుంటే ఆమె చేతిలోని దుప్పటి అలాగే ఆగిపోయేది. తనకి ఆ దారి మీద ఎంత ఆశ ఉందో ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

"దుప్పటి మడత అంత తేలికా? జంట మంచం దుప్పటి ఒక్కళ్ళే మడిచి చూడండోసారి" అంది.

ఆయన టీ ఆఖరి చుక్క దాకా తాగి, కప్పు కింద పెట్టి, మేకు వైపు చూశారు. "నీ కారు లైసెన్సు చాలదు. జనాన్ని ఎక్కించుకునే బండికి వేరే పరీక్ష ఉంటుంది."

"దరఖాస్తు నిన్ననే పెట్టాను" అంది కోడలు.

లాడ్జి మేనేజరమ్మ మనసు చెడ్డది కాదు గానీ, మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదు. పట్నంలో పెద్ద బస్సుల కంపెనీ ఒకటి ఈ ట్రిప్పులు తమకిమ్మని ఎప్పటి నుంచో తిరుగుతోంది. ఆవిడ కోడల్ని పిలిచి నిలబెట్టి చెప్పింది. "ఒక్క ట్రిప్పు చూస్తాను. నేనూ ఎక్కుతాను. బాగుంటే ట్రిప్పులు మీకే. లేదంటే వచ్చే నెల నుంచి వాళ్ళొస్తారు. తర్వాత నా మీద అలగకూడదు."

ట్రిప్పులు పోతే వ్యాను పోయినట్టే. ఆ వయసు బండిని పాత ఇనుము కొనేవాడు తప్ప ఇంకెవడూ చూడడు. బండి పోతే మామగారు గోడ ముందు నుంచి లేవరు. ఇది ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

ఆ బండిని మామగారు 'పెద్దమ్మాయి' అంటారు. కొడుకు పుట్టడానికి రెండేళ్ళ ముందే ఇంటికి వచ్చింది కాబట్టి ఆయన లెక్కలో అదే పెద్ద బిడ్డ. ఆడపడుచు లేని ఇల్లని కోడలు సంబరపడి ఈ సంబంధానికి ఒప్పుకుంది. తీరా వచ్చి చూస్తే ఉంది, నాలుగు చక్రాలతో.

పరీక్ష పాసయ్యాక నెల రోజులు పాఠాలు. తెల్లారి ఆరింటికల్లా ఖాళీ బండి తీసేవాళ్ళు. మామగారు పక్క సీట్లో కూర్చుని ఆమె చేతులు, కాళ్ళు, ఎదురుగా ఉన్న మీటర్ల సూదులు తప్ప ఇంకేదీ చూసేవారు కాదు. పక్కన సముద్రం ఎర్రగా తెల్లారుతున్నా, "క్లచ్ మీద కాలెందుకు? అది పీట కాదు" అనేవారు.

"మలుపుకి ముందు హారన్ రెండుసార్లు కొట్టు" అన్నారు మొదటి రోజు.

"రెండెందుకు మామయ్యా?"

"మొదటిది ఎదురొచ్చేవాడికి. రెండోది వాడి పరధ్యానానికి."

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగమన్నారు. లాడ్జి పక్క ఏటవాలు దారిలో ఇంజన్ ఆపేసి, బ్రేకు మీద, అద్దాల్లో చూసుకుంటూ వెనక్కి దించడం నేర్పారు. దానికే పది రోజులు పట్టింది. స్టీరింగు తిప్పలేక భుజాలు పడిపోయి, ఇంటికొచ్చి కోడలు మొగుడి దగ్గర వాపోయింది. "ఎవరైనా బండి ముందుకి నడపడం నేర్పుతారు. మీ నాన్న వెనక్కి నడపడం నేర్పుతున్నారు."

"నాకైతే ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా ఒకటే వస్తుంది" అన్నాడతను ఉల్లిపాయలు తరుగుతూ.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. బండిలో కూర్చుని బండిని ఏమీ అనకూడదు. బాగోలేదనీ, ముసలిదైందనీ, ఫలానా చోట ఇబ్బంది పెడుతుందనీ నోరు జారకూడదు.

"వింటుంది" అన్నారు మామగారు గొంతు తగ్గించి. "ఒకసారి ఎవరో వెనక సీట్లోంచి 'పెట్రోలు బాగా తాగేట్టుందే' అన్నారు. మూడు రోజులు స్టార్టవలేదు."

కోడలికి నవ్వొచ్చింది గానీ, ఆడపడుచు ముందు నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలనడంలో ఆమెకి వింతేమీ కనిపించలేదు.

ఆగే చోట్లు ఐదూ నేర్చుకుంది. మొదటి చోట వంపు తిరిగిన ఒడ్డంతా కనిపిస్తుంది. రెండో చోట నుంచి లైట్‌హౌసు. నాలుగో చోట కింద పడవల రేవు. ఐదోది పైన, కాలిబాట మొదలు. మూడోది ఉంది చూశారూ, అదే ఆమెకి మింగుడు పడలేదు. ఎనిమిదో మలుపు దాటగానే రోడ్డు కాస్త వెడల్పయిన చోటు అది. ఒక పక్క నల్లటి రాతిగోడ. రెండో పక్క గుట్ట అడ్డం వచ్చి సముద్రం చెంచాడు కూడా కనిపించదు. అక్కడ మామగారు ఇంజన్ ఆపించి, పావుగంట ఆగాలనేవారు.

"ఇక్కడేం చూడాలి మామయ్యా?"

"రాతికి చెవి ఆనించమను. సముద్రం వినిపిస్తుంది."

ఆమె ఆనించి చూసింది. అర నిమిషం చూసింది. చెవి చల్లబడ్డం తప్ప ఏమీ జరగలేదు. తలెత్తి చూసేసరికి మామగారు బండి దిగి రాతి వెనకాలకి వెళ్తున్నారు. రోజూ అంతే. బండి ఆగగానే ఆ రాతి చాటుకి వెళ్ళి, కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చేవారు. వయసు మళ్ళిన మనిషి, పొద్దున్నే రెండు కప్పుల టీ తాగి బయల్దేరతారు. కోడలు మర్యాదగా అటు వైపు చూసేది కాదు. ఈయన అవసరానికి జనాన్నంతా పావుగంట రాయి ముందు నిలబెడుతున్నారన్నమాట అనుకుని, ఆ మాట మనసులోనే దాచుకుంది. మామగారిని అడిగే మాటా అది?

ట్రిప్పు రోజు రానే వచ్చింది. మొగుడు రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు డబ్బాలో సర్ది తెచ్చి, బండికి రెండు గజాల దూరంలో నిలబడే చేయి చాచి అందించాడు. ఎక్కినవాళ్ళు ఆరుగురు. మెడలో రెండు కెమెరాలు వేసుకున్న ఒకాయన. ఒకరి చేయి ఒకరు వదలని కొత్త జంట. చేతికర్రతో ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు. ఆఖరున గొడుగూ నోటు పుస్తకమూ పట్టుకుని మేనేజరమ్మ.

మామగారు గేటు దగ్గర నిలబడ్డారు. రమ్మంటే రానన్నారు. నేను పక్కనుంటే నువ్వు నడిపినట్టు కాదు అన్నారు. కిటికీలోంచి వంగి ఒక్క మాటే చెప్పారు. "ఐదు చోట్లా ఆపు."

"అలాగే మామయ్యా" అంది కోడలు, ఆయన కళ్ళలోకి చూడకుండా.

మూడో చోట ఆపకూడదని ఆమె రాత్రే నిర్ణయించుకుంది. కొండకొమ్ము మీద టైము చాలడం లేదని లాడ్జి పుస్తకంలో జనం రాసిన ఫిర్యాదులు ఆమె స్వయంగా చదివింది. రాయి ముందు పారేసే పావుగంట పైన కలిస్తే అందరూ సంతోషిస్తారు, మేనేజరమ్మ చూస్తుంది, ట్రిప్పులు మిగులుతాయి. తప్పేముంది?

మొదట అంతా సవ్యంగానే సాగింది. ఒడ్డు వెంట గాలి చల్లగా కొట్టింది. మొదటి చోట కెమెరా ఆయన కొత్త జంటని నిలబెట్టి, ఒడ్డు బదులు వాళ్ళనే పదిసార్లు తీశాడు. రెండో చోట పెద్దావిడ లైట్‌హౌసు మెట్లు ఎన్నని అడిగితే, కోడలు టక్కున చెప్పింది. మలుపుకి ముందు రెండు హారన్లు. మేనేజరమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంటోంది గానీ నుదురు ముడి వేయడం లేదు. కోడలి చేతుల్లో బిగుసుకున్న వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. ఆరేళ్ళు తువ్వాలంత చూసిన సముద్రం ఇప్పుడు అద్దం నిండా ఉంది. ఆనందంగా ఉందామెకి, దాచుకోలేనంత.

ఎనిమిదో మలుపు వచ్చింది. రాతిగోడ వచ్చింది. వెళ్ళిపోయింది.

"మన కాగితంలో ఐదు చోట్లని ఉందే?" అంది మేనేజరమ్మ.

"అక్కడ రాయి తప్ప ఏమీ లేదండీ. ఆ టైము పైన ఇస్తాను."

"మంచిదే" అని రాసుకుందావిడ.

పదో మలుపు తిరుగుతుంటే ముక్కుకి కాలిన వాసన తగిలింది. కోడలు ఇంజన్ వేడి చూపే సూది వైపు చూసింది. ఎప్పుడూ మధ్యలో ఉండే సూది ఎర్ర గీత మీద కూర్చుంది. ఆ మరుక్షణమే బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. వెనక నుంచి కొత్త పెళ్ళికూతురు కెవ్వుమంది.

బండి ఆపింది. కానీ అది ఆగే చోటు కాదు. ఒక పక్క కొండ, ఒక పక్క మోకాలెత్తు గోడ, గోడ అవతల ఏమీ లేదు. ముందూ వెనకా మలుపులే. పైనుంచి ఏ లారీ అయినా వస్తే దానికి ఇక్కడో బండి ఉందని తెలిసేది గుద్దాకే. చేతిలో ఉన్నది ఆరుగురి ప్రాణం. మంచినీళ్ళ సీసాలు తప్ప బండిలో నీళ్ళు లేవు, ఉన్నా ఇంత వేడి మీద మూత తీయకూడదని ఆమెకి తెలుసు. పావుగంట మిగుల్చుకుందామని చూసి ఎంత పని చేశాను అనుకుంది. ఒక్క క్షణం ఏడుపొచ్చింది. ఏడవడానికి అక్కడ చోటు లేదు.

"అందరూ దిగండి" అంది. గొంతు తనదిలా లేదు గానీ గట్టిగానే వచ్చింది. "కొండ పక్కనే, ఒకరి వెనక ఒకరు కిందికి నడవండి. రెండు మలుపుల కింద రాతిగోడ ఉంది, అక్కడ ఆగండి. రోడ్డుకి అడ్డం రాకండి. మేనేజరమ్మగారూ, మీ గొడుగు ఎర్రది. పై మలుపులో నిలబడి వచ్చే బండ్లని ఆపగలరా?"

ఎవరి ఆజ్ఞా వినని మేనేజరమ్మ, మారు మాట్లాడకుండా గొడుగు విప్పుకుని ఎగువకి నడిచింది.

"నేను వెనక నిలబడి రైట్, లెఫ్ట్ చెప్పనా?" అన్నాడు కెమెరా ఆయన.

"వద్దండీ. మీరు పెద్దావిడకి చేయందించండి, అది చాలు."

ఇంజన్ ఆపేసి ఉంది. వెనక్కి దిగడానికి ఇంజన్ అక్కర్లేదు. బ్రేకు, రెండు అద్దాలు, భుజాల్లో బలం ఉంటే చాలు. పది రోజులు తిట్టుకుంటూ నేర్చుకున్నది ఇందుకేనా అని కోడలికి అప్పుడు తట్టింది. "వదినా" అంది స్టీరింగు మీద చేయి వేసి, వినపడీ వినపడనట్టు, "తప్పు నాదే. రాతిగోడ దాకా నా మాట విను."

బ్రేకు వదులు చేసింది. బండి మెల్లగా వెనక్కి కదిలింది. ఎడమ అద్దంలో కొండ, కుడి అద్దంలో గోడ. గోడ దగ్గరికొస్తే ఇటు, కొండ దగ్గరికొస్తే అటు. ఇంజన్ లేని స్టీరింగు రోలులా బరువుగా ఉంది. జంట మంచం దుప్పటి ఒక్కతే మడిచిన చేతులవి, వదల్లేదు. తొమ్మిదో మలుపు దగ్గర ఒకసారి ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దించింది. పైన ఎక్కడో హారన్, దాని వెంటే మేనేజరమ్మ కేకలు వినిపించాయి. ఆ కేకలకి లారీ ఏం ఖర్మ, ఏనుగైనా ఆగుతుంది.

రాతిగోడ పక్కన చక్రాలు మట్టి మీదికి ఎక్కాక హ్యాండ్ బ్రేకు లాగి, దిగి, ఒక చక్రానికి రాయి అడ్డం పెట్టింది.

నీళ్ళు కావాలి. ఎక్కడ దొరుకుతాయా అని చుట్టూ చూస్తుంటే ఎక్కడో టప్, టప్ అని చుక్కలు పడుతున్న చప్పుడయింది. రాతి వెనక నుంచే. ఇన్నాళ్ళూ మర్యాదకి చూడని ఆ చాటుకి వెళ్ళి చూసింది. రాతి పగుల్లోంచి నీరు ఊరి చుక్కచుక్కగా రాలుతోంది. దాని కింద తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి, అంచుల దాకా నిండి ఉంది. పైన దుమ్ము పడకుండా వలగుడ్డ కట్టి ఉంది. పక్కన శుభ్రంగా ఉతికి మడత పెట్టిన మందపాటి గుడ్డ, వేడి మూత తిప్పడానికి. ఒక గరాటు.

కోడలు అక్కడే చతికిలబడింది. అప్పుడర్థమైంది. మామగారు ఇక్కడ ఆపింది రాయి చూపించడానికి కాదు, తను అనుకున్న పనికీ కాదు. జనం నిండిన బండి ఎనిమిది మలుపులు ఎక్కేసరికి అలిసిపోతుంది. దానికి ఊపిరి కావాలి, నీళ్ళు కావాలి. ఖాళీ బండితో నేర్చుకున్నన్నాళ్ళూ ఆ అవసరం ఆమెకి కనపడలేదు. పాఠాలన్నీ బండిలోనే చెప్పారు మామగారు. బండి జబ్బు సంగతి బండి వింటుండగా ఎలా చెబుతారు?

డబ్బా పట్టుకుని వచ్చేసరికి అందరూ రాతిగోడ ముందు నిలబడి ఆమె కోసం చూస్తున్నారు. మేనేజరమ్మ కూడా దిగొచ్చింది, ముఖం ఎర్రగా, గొడుగు ఒక ఊచ వంగి.

"కాస్త ఇటు రండి" అంది కోడలు. వాళ్ళని బండికి ఇరవై అడుగుల దూరం తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "బండి వింటుంది, అందుకని. నిజం చెప్తున్నానండీ. ఇక్కడ ఆపేది మీకు ఏదో చూపించడానికి కాదు, బండి చల్లబడ్డానికి. మా మామగారు ఐదు చోట్లా ఆపమన్నారు. నాకే ఎక్కువ తెలుసనుకుని దాటేశాను. భయపెట్టాను మిమ్మల్ని, క్షమించండి. అరగంట ఆగితే నీళ్ళు పోసి పైకి తీసుకెళ్తాను. వద్దు, వెనక్కి పోదామంటే వెనక్కే తీసుకెళ్తాను."

కెమెరా ఆయన బండి వైపు చూసి, "వినిపించి ఉండదు లెండి" అన్నాడు గుసగుసగా. కొత్త జంట ఫక్కున నవ్వారు. మేనేజరమ్మ నవ్వలేదు, పుస్తకమూ తెరవలేదు.

అరగంట అంటే చిన్న టైమేమీ కాదు. రొట్టెల డబ్బా విప్పారు. గుడ్లు ఒలుచుకున్నారు. పెద్దావిడ నిలబడలేక రాతికి చేరగిలి కళ్ళు మూసుకుంది. ఆవిడ కూతురు విసనకర్రలాగా కాగితం ఊపుతోంది.

"ఆపు, ఊపకు" అంది పెద్దావిడ ఉన్నట్టుండి. "నిశ్శబ్దంగా ఉండండి అందరూ."

"ఏమైందమ్మా?"

"సముద్రం. ఇందులో సముద్రం ఉంది."

కోడలు పరుగున వెళ్ళి చెవి ఆనించింది. ఈసారి తీయలేదు. అప్పుడు బండి దిగుతూనే ఆనించింది, చెవుల నిండా ఇంజన్ హోరు ఉండగా. ఆ హోరు చెవుల్లోంచి పోవడానికే పది నిమిషాలు పడుతుంది. ఇప్పుడది పోయింది. రాతి లోపల, ఎక్కడో కింద, అల వచ్చి కొండ బొరియల్లో దూరి, బుడుంగుమని మునిగి, నిట్టూర్చినట్టు వెనక్కి పోతోంది. మళ్ళీ వస్తోంది. చెంపకి ఆ అదురు తగులుతోంది. కళ్ళతో చూసిన సముద్రం కంటే ఇది దగ్గరగా ఉంది. తను నమ్మని మామగారి మాట నిజమైనందుకు ఆమెకి సిగ్గూ, సంతోషమూ ఒకేసారి కలిగాయి.

ఆరుగురూ రాతిగోడ పొడుగునా చెవులు ఆనించి నిలబడ్డారు. అటుగా దిగుతున్న లారీ డ్రైవరు వేగం తగ్గించి, వీళ్ళకేమైందా అన్నట్టు చూసుకుంటూ పోయాడు. మేనేజరమ్మ అందరికంటే ఆఖరున ఆనించి, అందరికంటే ఆఖరున తీసింది.

నీళ్ళు పోశాక పెద్దమ్మాయి బుద్ధిగా కొండెక్కింది. కొమ్ము మీద టైము తక్కువే దొరికింది. ఎవరూ సణగలేదు.

లాడ్జికి చేరేసరికి గంట ఆలస్యం. గేటు దగ్గర మామగారు పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు. పక్కన కొడుకు గరిట చేత్తో పట్టుకునే వచ్చేశాడు. జనం దిగుతుంటే మామగారు ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నారు. ఆరు అయ్యాక గానీ ఊపిరి వదల్లేదు. కోడలు దిగి, ఆయన చెయ్యి పట్టుకుని, బండికి దూరంగా బట్టల గది మెట్ల దాకా తీసుకెళ్ళింది.

"మూడో చోట ఆపలేదు మామయ్యా. పదో మలుపులో పొగ కక్కింది. వెనక్కి దించాను. డబ్బా చూశాను."

ఆయన తల వంచుకున్నారు. తిడతారనుకుంది.

"తప్పు నాది" అన్నారు. "బండిలో చెప్పలేకపోయాను."

"ఇంట్లో చెప్పొచ్చుగా?"

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. "సిగ్గేసింది అమ్మాయ్. ముప్ఫై ఏళ్ళుగా జనానికి వింత చూపిస్తానని చెప్పి బండికి నీళ్ళు పోసుకున్నాను. రాయి ముందు ఊరికే నిలబెట్టలేక, వాళ్ళకేం చెప్పాలా అని వెతికి వెతికి, ఒకరోజు చెవి పెట్టాను. దొరికింది. అయినా మోసం మోసమేగా. నీ దగ్గర ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు."

"వినిపించింది మామయ్యా" అంది కోడలు. "ఆరుగురికీ."

ఆయన ముఖం పైకి లేచింది. "ఎక్కడ పెట్టారు? నడుమ పగులు దగ్గరా? అయ్యో, ఎడమ చివర చిన్న చీలిక ఉంటుంది, అక్కడ ఇంకా బాగా వినిపిస్తుంది. చెప్పాల్సింది."

"అయితే మీరొచ్చి చెప్పండి" అంది వెనక నుంచి మేనేజరమ్మ. ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. వంగిన గొడుగు ఊచని సరిచేస్తోంది. "బస్సుల కంపెనీకి రానక్కర్లేదని చెప్పేస్తున్నాను. ఆ పిల్ల దాచకుండా తప్పు ఒప్పుకుంది. బండిని వెనక్కి దించిన తీరు నేను పై నుంచి చూశాను. వాళ్ళ బస్సులకి నీళ్ళు పోయక్కర్లేదేమో గానీ, వాళ్ళు ఎనిమిదో మలుపులో ఆగరు. పక్క సీటు మీది. చోట్ల దగ్గర మాట్లాడటం మీ పని. ఇంకొక్క మాట, రేపటికల్లా ఆ రేడియేటరు బాగు చేయించండి." అని ఆగి, బండి వైపు చూసి, గొంతు తగ్గించి, "ఈ దూరం చాలుగా?" అంది.

మెకానిక్ రెండు రోజులు బండి కింద పడుకుని, కొత్త రేడియేటరు బిగించి, ఇక మధ్యలో ఆగాల్సిన పని లేదన్నాడు. అయినా మామగారు డబ్బాకి కొత్త వలగుడ్డ కట్టారు.

మరుసటి ట్రిప్పుకి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని పక్క సీట్లో కూర్చున్నారు. ఈసారి చూడాల్సింది ఆమె కాళ్ళూ కాదు, సూదులూ కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని, కాసేపు రోడ్డు వైపే చూశారు. తర్వాత పోయిన పక్క చూపుకి బదులు తలంతా తిప్పి కిటికీలోంచి బయటికి చూశారు.

ఐదో మలుపు దాటాక, "అమ్మాయ్" అన్నారు. "ఆ తెల్లది ఏంటది? నీళ్ళ మధ్యలో?"

నడి నీళ్ళలో చిన్న ఇసక తిన్నె, దాని నిండా తెల్లటి పక్షులు. రోజూ ఉండేదే. ఆ మాట చెప్పబోయి కోడలు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఈ దారిలో ఈయన కళ్ళు రోడ్డు మీది నుంచి పక్కకి తిరగలేదు. ఆగిన చోట్ల తప్ప సముద్రం చూసే తీరిక ఆయనకి లేదు. అందరికీ చూపించిన మనిషి దారి పొడుగునా తను చూడలేదు.

ఆమె రెండు హారన్లు కొట్టి, రోడ్డు వెడల్పయిన చోట పక్కకి తీసి ఇంజన్ ఆపింది.

మామగారు గభాలున సూది వైపు చూశారు. మధ్యలోనే ఉంది. కంగారుగా ఆమె చెవి దగ్గరికి వంగి, "ఏమైంది? బండికేమైనా..." అన్నారు, పెదవులు మాత్రం కదిలిస్తూ.

"బండికేమీ కాలేదు మామయ్యా" అంది కోడలు పైకే, పెద్దమ్మాయి వినేట్టుగా. "ఇది మీ కోసం. పావుగంట ఉంది. దిగి చూడండి."